నిండుకున్నదా, నిండిందా

చేతిలో ఉన్నది జ్ఞాపకశక్తికిచ్చే సరస్వతీ లేహ్యం సీసా ఒక్కటే, మూత వదులు, కుదుపులకి పంచె మీద ఒలకకుండా నొక్కిపట్టుకోవాలి, ఇదీ ఈ పూట పెట్టుబడి అనుకున్నాడు వీరరాఘవయ్య, జగ్గయ్యపేటలో కిరాణా కొట్టు పట్టపగలు మూసి నందిగామ బస్సెక్కడం ఇదే మొదలు, ఏం చేస్తాడు, చెల్లెలు దుర్గాంబ ఫోన్ చేసి, అన్నయ్యా, పుష్ప హైదరాబాదు నుంచి ఇక్కడికొచ్చి పడుకుంది, మెమరీ నిండుకుందట, అన్నం ముట్టట్లేదు అంది, బియ్యం అయిపోతే అయిపోయాయనకూడదు, నిండుకున్నాయనాలి, కానీ పాతికేళ్లు నిండని తన కూతురికి జ్ఞాపకం నిండుకోవడమేమిటి, గదంత కంప్యూటరుతో ఉద్యోగం, ఆ చల్లగది దెబ్బేనేమో, బస్సు చిల్లకల్లు దాటింది, తనని చూసి మీరెవరండీ అంటే, ఆ మాట దగ్గర లెక్క ముందుకు సాగలేదు.

నా పేరేంటో చెప్పమ్మా, అన్నాడు గుమ్మంలోనే, నీ పేరు వీరరాఘవయ్య, బజారంతా గీరరాఘవయ్యంటారు, ఏమైంది నాన్నా నీకు, అంది పుష్పవతి, సంగతి విని పడీ పడీ నవ్వింది, అత్తయ్యా, నిండుకుందని కాదు, నిండిందన్నా, అదీ నాకు కాదు, మిషన్‌కి, దాని రియల్ మెమరీ మన కొట్టంత, వచ్చిన ప్రతి ప్రోగ్రాంకీ మాత్రం గోడౌనంతా నీదే అంటుంది, నీలాగే నాన్నా, లేదనకుండా కూర్చోబెట్టి, అడిగింది దాని గోడౌను, అదే డిస్కు మీంచి తెప్పిస్తుంది, అక్కర్లేనిది వెనక్కి పంపుతుంది, నా ప్రోగ్రాం అన్నీ ఒకేసారి అడుగుతోంది, తేవడం పంపడంతోనే సరి, పని జరగట్లేదు, సోమవారానికి నడవకపోతే ఏడాది కష్టం బుట్టదాఖలే, అంటూ గొంతు తగ్గించి, అచ్చం ఆ పెనుగంచిప్రోలు తిరునాళ్ల రోజులాగా, అని ఆగిపోయింది.

ఏ తిరునాళ్లు, అన్నాడాయన, నా చిన్నప్పుడు నాన్నా, నేను మన కొట్లో బెల్లం బస్తా మీద కూర్చున్నా, జనం మీద పడ్డారు, సరుకు తోలే రత్తయ్య బండి గోడౌనుకీ కొట్టుకీ తిరుగుతూనే ఉంది, బేరం ఒక్కటీ తెగలేదు, అప్పుడు నువ్వు గల్లాపెట్టె ఎక్కి, ముందు బెల్లం వాళ్లంతా రండి, చింతపండు వాళ్లు తర్వాత అని కేకేశావు, గుర్తులేదా, లేదమ్మా అన్నాడు, నాకుంది, అంది, కళ్లు మెరిశాయి, ఒకదాని తర్వాత ఒకటి అడిగిస్తా, ప్రోగ్రాంని ముక్కలు చేస్తా, అత్తయ్యా అన్నం పెట్టు, హైదరాబాదు బస్సెన్నింటికి, అంటూనే సీసాలో వేలు ముంచి లేహ్యం ఆయన నోట్లో పెట్టింది, ఇది నీకే కావాలి నాన్నా.

తిరుగు బస్సులో నాలుక మీద ఇంకా తీపీ వగరూ, లెక్క చూసుకున్నాడు, పోయింది ఒక పూట బేరం, సీసాలో ఒక వేలెడు లేహ్యం, వచ్చింది, తన బుర్ర అనే కొట్టు ఇరుకై ఎప్పుడో బయటికి తోసేసిన రోజు ఒకటి, ఆ పిల్ల గోడౌనులో చెక్కుచెదరకుండా ఉంది, అడగ్గానే తెచ్చిపెట్టింది, నిండుకోలేదు, నిండింది.