కత్తెర చప్పుడు

కత్తెర తలుపు చట్రం మీద రెండుసార్లు చప్పుడైంది. కనకం పీట వాల్చి, కంచం పెట్టి, వంటింటి తలుపు వెనక్కి తప్పుకుంది. మామగారు నూకరాజు అప్పుడు ముందుగదిలోకి వచ్చాడు. కోడలు మామ ఎదటపడని ఇల్లు. పన్నెండేళ్లుగా రోజూ మధ్యాహ్నం ఇంతే.

ఆయన బిలాస్‌పూర్ స్టేషన్లో దీపాలవాడు. పొద్దుట సిగ్నల్ దీపాల మసి తుడిచి, ఆ కత్తెరతోనే ఒత్తులు కత్తిరించి, కిరసనాయిలు పోస్తాడు. పొద్దువాలే ముందు వాటిని మోసుకెళ్లి, ఇనప నిచ్చెనలెక్కి పెట్టి వస్తాడు. వేళ్ల సందుల్లో నలుపు సబ్బుకి లొంగదు. కుడి మోకాలు వంగదు, కాలు చాపుకునే తింటాడు. తలుపు సందులోంచి కనకం ఆయన్ని ఆ మేరకే ఎరుగును. చేతులు, మోకాలు, మెడ వెనక తెల్లవెంట్రుకలు.

ఆమె భర్త సింహాచలం బళ్ల పెట్టెలు కలిపే షంటింగు పనిలో చనిపోయాక, ఖరగ్‌పూర్‌లో ఉన్న బావగారు శంకరరావు ఆమెను పుట్టింటికి పంపెయ్యమని తండ్రికి ఉత్తరం రాశాడు. నూకరాజు దాన్ని రెండుసార్లు చదివించుకుని విన్నాడు. ఆ కాగితంతోనే లాంతరు చిమ్నీ తుడిచాడు.

ఆ మధ్యాహ్నం ముద్ద నోటిదాకా తెచ్చి ఆగాడు. ఆమెకు చెప్పవలసినవన్నీ ఆయన గోడకి చెబుతాడు.

"హోం సిగ్నల్ నిచ్చెనకి ఈయేల మెట్లెక్కువైపోనాయి."

కనకానికి ఒళ్లు మండింది. అరవై దగ్గరపడ్డ మనిషిని ఇంకా నిచ్చెనలెక్కించే రైలు కంపెనీ మీద మండింది. ఎక్కనని అనని ఈయన మీదా మండింది. ఆమె పొయ్యితో అంది.

"ఒంట్లో బాగోనేదని సిక్కు రాయించుకుంటే ఏటి, బళ్లన్నీ ఆగిపోతాయా?"

"పొయ్యికి కోపమొచ్చినాది," అన్నాడు గోడతో. పులవని మజ్జిగ తాగి డ్యూటీకి వెళ్లిపోయాడు.

నాలుగున్నరకి తోటి దీపాలవాడు జగన్నాథం వచ్చి చెప్పాడు. సిగ్నల్ దిగి నిచ్చెనకి ఆనుకుని కూర్చున్నాడట. లేపితే లేవలేదట.

మూడోరోజు ముందుగదిలో మంచం మీద శంకరరావు కూర్చున్నాడు. ఎనిమిదేళ్ల తర్వాత రావడం. క్వార్టర్ల వాళ్లంతా వరసగా వచ్చి అతన్నే ఓదార్చారు. అయ్యకి నిమ్మకాయ ఊరగాయంటే ప్రాణమని అతను చెబితే అందరూ తలలూపారు. పులుపు తగిలితే పళ్లు జివ్వుమని ఆయన ఊరగాయ ముట్టి ఏడేళ్లయింది. తలుపు వెనకనుంచి విన్న కనకం లేచింది.

బయటికి రాబోతే పక్క క్వార్టరు అచ్చియమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వెక్కడికే? మావ మొహమైనా సరిగ్గా సూడనిదానివి. నీకు పరామర్శేటి?"

కనకం చెయ్యి విడిపించుకుంది. మొహం మీది కొంగు వెనక్కి తోసి వెళ్లి, రోజూ ఆయన పీట వేసే చోట కూర్చుంది.

"బావగారూ, ఆయన పులుపు తినడు. పన్నెండేళ్లు ఈ గోడతో మాటాడినాడు. ఆ గోడ నానే. ఓదార్చడానికొచ్చినోళ్లు నన్నోదార్చండి."

శంకరరావు దగ్గాడు. తర్వాత, అంతసేపూ గుమ్మంలో గుడ్డమూటతో నిలబడ్డ జగన్నాథం వైపు చెయ్యి చాచాడు. జగన్నాథం ఆ చేతిని దాటి వచ్చి కనకం ఎదట వంగాడు.

"అమ్మా, మీ మావగోరు ఎల్లిపోనారు."

గుడ్డ విప్పి గచ్చు మీద పెట్టాడు. ఒత్తుల కత్తెర. కీలు సందులో కత్తిరించిన ఒత్తిముక్క ఒకటి ఇంకా ఇరుక్కునే ఉంది, కాలిన కొస నల్లగా.