స్టార్టరు చూసినారా?

కొడవలూరు దగ్గర హైవే పక్కన సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్న హరినాథ్‌కు ఒక గట్టి నమ్మకం ఉంది. బుడగ లేకుండా ఫోనుకు గ్లాసు అంటించగలిగినవాడికి ఈ లోకంలో చేతకాని పని లేదని. ఆ నమ్మకంతోనే, భార్య వాణికి కావలసిన కంప్యూటరును ముందే బిగించి ఉన్నది కొనకుండా, నెల్లూరులో విడిభాగాలు కొనుక్కొచ్చి, మంచం మీద పరుచుకుని, వీడియోలు చూస్తూ రెండు సాయంత్రాలు కూర్చుని తనే బిగించాడు. ఆ రెండు సాయంత్రాలూ ఇంట్లో ఎవరినీ గట్టిగా తుమ్మనివ్వలేదు. అంతా అయ్యాక నాలుగు మరలు మిగిలాయి. అవి కంపెనీవాళ్ళు ధర్మానికి ఇచ్చినవని చెప్పి డబ్బాలో వేశాడు.

మూడోరోజు పొద్దున ఏడున్నరకు ఇంటిల్లిపాదినీ పిలిచి బొత్తాం నొక్కాడు. పెట్టె ఉలకలేదు, పలకలేదు. వేలు మార్చి నొక్కాడు. గోడ ప్లగ్గు మార్చి నొక్కాడు. వెనకవైపున్న చిన్న స్విచ్చు అటూ ఇటూ వేసి మళ్ళీ నొక్కాడు. ఊహూఁ.

వాణి గడియారం వైపు చూసింది. ఆమెకు చెన్నై కంపెనీ ఒకటి మెడికల్ కోడింగ్ ఉద్యోగం ఇచ్చింది, ఇంట్లోనే కూర్చుని చేసుకునేది. కంప్యూటరు మనమే పెట్టుకోవాలి. ఆ రోజు పదకొండింటికి కంపెనీ నుంచి సుశీల్ కుమార్ అనే అతను ఫోనులో వీడియో కాల్ చేస్తాడు. యంత్రాన్ని చూపించి, అతని కళ్ళముందే ఆన్ చేయాలి. కాలేదంటే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది. వాణి చూస్తే కావలిలో ప్రైవేటు బడి పంతులమ్మ పనికి నీళ్ళొదిలి అప్పటికే పది రోజులైంది. రాజీనామా కాగితం ఇచ్చిననాడు హెడ్‌మిస్ట్రెస్ ఎలిశబెతు మేడం మూతి బిగించి నవ్వి, నెలరోజులు నీ కుర్చీ ఖాళీగానే ఉంచుతాలే అంది. కుర్చీ అట. ఆరేళ్ళలో ఆ బడిలో వాణిని కూర్చోనిచ్చిన పాపాన పోయిందెవరు? మళ్ళీ ఆ గుమ్మం తొక్కడం కంటే మామ వెంట పోయి మోకాలి లోతు బురదలో నాట్లు వేసుకోవడం మేలనుకుంది వాణి.

ఇంతకీ ఆ పొద్దున జరిగిన ఇంకో ముచ్చట ఉంది. ఏడున్నర కాకముందే, హరినాథ్ స్నానానికి పోగానే వాణి పసుపూ, పోలేరమ్మ గుడి కుంకుమా నువ్వులనూనెతో ముద్దగా మెదిపి పెట్టెకు బొట్టు పెట్టింది. ఆ ఇంట్లో ఏ కొత్త వస్తువు వచ్చినా, ఏ పూజ జరిగినా, మిక్సీ మొదలుకుని పొలంలో మోటారు దాకా బొట్టు పెట్టే పని వాణిదే. కోడలిది చల్లని చెయ్యని అత్త మస్తానమ్మకు గురి. ఇదేం ట్రాక్టరు కాదు, దీనికి బొట్లూ గిట్లూ పెట్టొద్దని హరినాథ్ ముందే హెచ్చరించి ఉన్నాడు కాబట్టి, వాణి హడావిడిగా, ముందువైపు గుండ్రంగా కనబడిన చోట బొటనవేలితో గట్టిగా అద్దింది. టిక్కుమని ఓ చిన్న చప్పుడైంది. తల్లి సరేనందని దండం పెట్టుకుంది. హరినాథ్ వచ్చి చూసి, గొణుక్కుంటూ తువ్వాలు కొసతో శుభ్రంగా తుడిచేశాడు. ఆ సంగతి అంతటితో ఇద్దరూ మరిచిపోయారు.

ఎనిమిదింటికి హరినాథ్ పెట్టె పక్కమూత ఊడదీశాడు. వరండాలో వేపపుల్ల నములుతున్న తండ్రి హజరత్తయ్య అక్కడి నుంచే అడిగాడు.

"స్టార్టరు చూసినార్రా?"

"దీనికి స్టార్టరు ఉండదు నాయనా. నువ్వు పొలానికి పో," అన్నాడు హరినాథ్.

హజరత్తయ్య పుల్ల ఊసి నోరు పుక్కిలించాడు. ఆయన నలభై ఏళ్ళుగా బోరు మోటార్లతో కాపురం చేస్తున్న మనిషి. భార్యతో కన్నా వాటితోనే ఎక్కువ మాట్లాడాడని మస్తానమ్మ దెప్పుతుంది కూడా.

తర్వాతి రెండు గంటలూ హరినాథ్ చేయని వైద్యం లేదు. ర్యామ్ ముక్కలు పీకి, పిల్లలు వాడే రబ్బరుతో వాటి అంచులు రుద్ది మళ్ళీ గుచ్చాడు. లావు వైర్లు లాగి పెట్టాడు, సన్న వైర్లు లాగి పెట్టాడు. బోర్డు మీద ఒక మూల చిన్న పచ్చదీపం మాత్రం వెలుగుతూనే ఉంది. ఫ్యాను తిరగదు, తెర వెలగదు. పక్కింటి రిటైర్డు పోస్టుమాస్టరు సంజీవరావు కాఫీ గ్లాసుతో సహా వచ్చి, ఇదంతా సముద్రం మీద నుంచి వచ్చే ఉప్పు గాలి మహిమ అని తేల్చాడు. ఆయన లెక్కలో ఈ ప్రాంతంలో ఇనుము తుప్పు పట్టినా, పాలు విరిగినా, మనిషికి మతిమరుపు వచ్చినా ఉప్పు గాలే కారణం. మస్తానమ్మ మాటలతో పెట్టుకోకుండా ఒక నిమ్మకాయ కోసి, చెరో చెక్కా పెట్టెకు అటూ ఇటూ పెట్టి పోయింది. కొట్టువాడికి ఫోను చేస్తే, పవర్ సప్లయి పోయుండొచ్చు, లేకపోతే బోర్డు పోయుండొచ్చు, అదీ కాకపోతే ఇంకేదైనా అయ్యుండొచ్చు, రేపు మధ్యాహ్నం తీసుకురా అన్నాడు. దాంతో హరినాథ్‌కు కోపం వచ్చి, తనకు చచ్చుసరుకు అంటగట్టారని అరిచాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని వాణికి నాలుక చివరి దాకా వచ్చింది. పదకొండు దాకా మింగి ఉంచుదాం, ఆ తర్వాత చెప్పాల్సినవన్నీ కలిపి చెబుదాం అనుకుని ఆగింది.

మధ్యలో మరోసారి హజరత్తయ్య గుమ్మం దగ్గరికి వచ్చి స్టార్టరు సంగతి కదిపాడు. హరినాథ్ ఈసారి తల కూడా ఎత్తకుండా ఇంకో వైరు పీకాడు. పదీ పదికి బండి తీసి, కోవూరులో స్నేహితుడి దగ్గర పవర్ సప్లయి అరువు తెస్తానని పోయాడు. ముప్పావు గంటలో వస్తానన్నాడు. హరినాథ్ ముప్పావు గంటంటే ఎంతో వాణికి పెళ్ళైననాటి నుంచీ తెలుసు.

ఆమె మంచం మీద కూలబడింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఎలిశబెతు మేడం మూతి కళ్ళముందు కదులుతుంటే ఇంకాస్త ఏడ్చింది. హజరత్తయ్య లోపలికొచ్చి, కోడలిని ఓదార్చడం చేతకాక, బల్ల కిందున్న పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మాయ్, నువ్వు దేన్ని నొక్కితే ఇది లేయాల?"

"ఈ బొత్తాన్ని మామా."

"అదే గదమ్మా స్టార్టరు."

ఆయన వరస ఆయనకుంది. పచ్చదీపం వెలుగుతోంది కాబట్టి కరెంటు వస్తోంది. కాలిన వాసన లేదు కాబట్టి మోటారు పోలేదు. ఇక మిగిలింది మోటారును లేపే సరంజామానే. అది మొండికేస్తే దాన్ని పక్కన పెట్టి తిన్నగా లేపుకోవాలి. దీన్నే పొలాల్లో డైరెక్టు చేయడమంటారు. దీనికీ అట్టాంటి దారేమైనా ఉందేమో చూడమన్నాడు.

వాణి కళ్ళు తుడుచుకుంది. బోర్డుతో పాటు వచ్చిన చిన్న పుస్తకం నిమ్మచెక్క కింద కనబడింది. రెండు సాయంత్రాలుగా ఆ పుస్తకం తెరిచిన నాథుడు లేడు. తిప్పి చూస్తే, బొత్తాం నుంచి వచ్చే సన్న వైరు బోర్డు అంచున ఏ రెండు మొనలకు తగులుకోవాలో బొమ్మ వేసి ఉంది. ఆ మొనల్లో షాకు కొట్టేంత కరెంటు ఉండదని, హరినాథ్ చూసిన వీడియోల్లో ఎవరో చెప్పగా తను పక్కనుండి విన్నది గుర్తొచ్చింది. వైరు పీకేసింది. ఈ రెంటినీ ఒక్క క్షణం కలిపి వదలాలి మామా అంది.

హజరత్తయ్య మొలలోంచి చెక్కపిడి స్క్రూడ్రైవరు తీశాడు. ఈమధ్య కొన్నాళ్ళుగా అది ఆయన మొలలోనే ఉంటోంది. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. దాని మొనను ఆ రెంటికీ అలా తాకించి తీశాడు.

ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. తెర వెలిగింది. వాణికి ఇందాకటి కంటే ఎక్కువ ఏడుపొచ్చింది. ఈసారి సంతోషంతో. టైము చూస్తే పదీ నలభై ఎనిమిది.

హజరత్తయ్య మాత్రం తెర వైపు చూడలేదు. చీపురుపుల్ల ఒకటి విరిచి, బొత్తాం చుట్టూ ఉన్న సందులో తిప్పాడు. ఎర్రగా, పచ్చగా ముద్ద ఊడొచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నువ్వులనూనె. బొట్టు పెట్టినవాళ్ళు బొత్తాన్ని లోపలికి నొక్కేసి, ఇక పైకి లేవకుండా చుట్టూ మెత్తారు. లోపలికి పోయి ఇరుక్కున్న బొత్తాన్ని పొద్దుటి నుంచీ హరినాథ్ నొక్కుతూనే ఉన్నాడు. టిక్కుమన్న చప్పుడు అప్పుడు గుర్తొచ్చింది వాణికి. ఇంకా ఎరుపు వదలని బొటనవేలిని కొంగులో దాచుకుంది. దొంగకు తేలు కుట్టినట్టయింది ఆమె పని.

హజరత్తయ్య ఆ ముద్దను పుల్లతో సహా కిటికీలోంచి బయటికి విసిరాడు.

"ఉప్పు గాలమ్మా. సంజీవరావు చెప్పలా," అన్నాడు.

వాణి నోరు తెరిచే లోపల ఫోను మోగింది. సుశీల్ కుమార్ ఐదు నిమిషాలు ముందే చేశాడు. వాణి గది చూపించింది, యంత్రాన్ని చూపించింది. అంతా బాగుందన్నాడు. ఒకసారి పూర్తిగా ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేయండి మేడం అన్నాడు. ఆఫ్ చేయడానికేం, తెర మీద నొక్కితే ఆగిపోయింది. ఆన్ చేయడానికి బొత్తాం ఇంకా సగం జిడ్డులోనే ఉంది, దాని వైరు నిమ్మచెక్క పక్కన పడి ఉంది. వాణి మామ వైపు చూసింది. ఆయన పంచె ఎగ్గట్టి బల్ల కిందికి దూరాడు. ఫోను ఎంత పక్కకు తిప్పినా, స్క్రూడ్రైవరూ, దాని వెనక ఒక నున్నటి బట్టతలా చెన్నై దాకా కనబడనే కనబడ్డాయి.

"ఆయనెవరండీ?" అన్నాడు సుశీల్ కుమార్.

"మా మామగారండీ. మా ఇంట్లో ఏదైనా స్టార్ట్ చేసేది ఆయనే," అంది వాణి.

ఫ్యాన్లు తిరిగాయి, తెర వెలిగింది.

"రోజూ తొమ్మిదికల్లా లాగిన్ కావాలి మేడం. ఆయన ఉంటారా మరి?"

బల్ల కింద నుంచే జవాబు వచ్చింది. "ఎనిమిదిన్నరకే వచ్చేస్తానయ్యా. నారుకు నీళ్ళు పెట్టి."

సుశీల్ కుమార్ నవ్వాపుకోలేకపోయాడు. సోమవారం నుంచి పనిలో చేరమని చెప్పి పెట్టేశాడు.

పదకొండున్నరకు హరినాథ్ అరువు డబ్బా చంకన పెట్టుకుని వచ్చాడు. తిరుగుతున్న ఫ్యాన్లను చూసి, రబ్బరుతో రుద్దితే అంతేనని, అది పట్టడానికి కాస్త టైము పడుతుందని వివరించాడు. మస్తానమ్మ నిమ్మచెక్కలు తీసి కళ్ళకద్దుకుంది. సంజీవరావు గోడ మీదుగా తొంగి చూసి, ఎండెక్కితే ఉప్పు తేమ ఆరిపోతుందని తను ముందే అన్నానన్నాడు. పొద్దుటి నుంచీ మొగుడి కోసం దాచిపెట్టుకున్న మాటలన్నీ వాణి దగ్గర అలాగే ఉన్నాయి. ఒక్కటి బయటికొచ్చినా వెనకాలే కుంకుమ బయటికొస్తుంది. లేచి అందరికీ మజ్జిగ ఇచ్చింది.

హజరత్తయ్య తలకు తువ్వాలు చుట్టుకుని సైకిలు తీశాడు. ఆయన ఒక్కడే ఘనత తనదనలేదు. అది చూస్తే వాణికి ప్రాణం ఒప్పలేదు. వెనకాలే వీధి గేటు దాకా పోయింది.

"మామా, ఉప్పు గాలి కాదు. ఆ బొట్టు నేనే..."

"నాకు తెలుసులేమ్మా."

"మరి పొద్దున్నే ఎందుకు చెప్పలా?"

"చెప్తానే ఉండా గదా, స్టార్టరు చూడమని. పేరు పెట్టి చెప్తే వాడు నిన్నేమన్నా అంటాడని." ఆయన మొలలో స్క్రూడ్రైవరు తడిమి చూసుకున్నాడు. "దసరాకి పొలంలో మోటారుకూ నువ్వే గదా బొట్టు పెట్టినావు. ఆ స్టార్టరు పచ్చ బొత్తాం అప్పుడు లోపలికి పోయింది, ఇంతవరకూ పైకి రాలా."

సైకిలెక్కి, నారుకు నీళ్ళు పెట్టే టైమైందని వెళ్ళిపోయాడు.