ఎడమవైపు లైటు

ఫోను పెట్టేసి మామయ్య నిలబడ్డ తీరులోనే మాకు సంగతి తెలిసిపోయింది. పోస్టుమాస్టరుగా రిటైరైన మనిషి. ఎంత మంచి కబురైనా ఎవరిదో ఉత్తరం చదివి వినిపిస్తున్నట్టు చెప్పడం ఆయన అలవాటు. ఆ శనివారం పొద్దున మాత్రం గొంతు ఆయన మాట వినలేదు.

"హొరణ ఊరి నుంచి వితారణ గారు. మందుల షాపాయన. ధరకి ఒప్పుకున్నారు. రేపు తొమ్మిదింటికి వచ్చి, చూసుకుని, కారు తోలుకుపోతారట."

నేను కొబ్బరి కోరుతున్న చిప్పతో సహా గెంతాను. సగం కోరు అత్తయ్య ఒళ్లో పడింది.

"కొత్త కోడలు ఇల్లంతా కొబ్బరి చల్లుతోంది. ఇదేం శకునమో!" అంది అత్తయ్య దులుపుకుంటూ. ఆమె మొహమూ విప్పారే ఉంది.

మా పెళ్లయి ఏడు వారాలు. ఆ ఏడు వారాలూ నేనూ రుక్మల్ హాల్లో బీరువా వెనక పడుకుంటున్నాం. తెల్లవారుజామున అత్తయ్య మంచినీళ్లకి లేచి, బీరువా ఇవతలే ఆగి, 'ఎహెం' అని దగ్గి మరీ వంటింట్లోకి వెళుతుంది. మేం నవ్వు ఆపుకోలేక దిండు కొరుక్కుంటాం. రైలు గేటు అవతల ఒక టీచరమ్మ ఇంటిని ఆనుకుని అద్దెకి రెండు గదులు ఉన్నాయి. వేరే వాకిలి, వేరే వంటగట్టు, కిటికీ తెరిస్తే జామచెట్టు. ఏడాది అద్దె ముందే కట్టాలంది. కారు అమ్మి కడతానని మామయ్య తనంతట తనే అన్నారు. నేను అప్పటికే ఆ కిటికీకి పరదా కొలత తీసుకున్నాను. రెండు కప్పులు కొన్నాను, నీలంవి. అవి బీరువా కింద కాగితంలో చుట్టి ఉన్నాయి. రోజూ ఒకసారి తీసి చూసుకుంటాను.

"ఇంకేమడిగాడు?" అంది అత్తయ్య.

"అందరూ అడిగేదే. యాక్సిడెంటు అయిందా, లైట్లు మార్చారా అని." కార్ల దిగుమతి ఆపేసి నాలుగేళ్లు. అప్పటినుంచి మా దేశంలో పాత కారుకి పెళ్లికూతురికంటే ఎక్కువ పరీక్షలు. లైటు మారిందంటే ఎక్కడో గుద్దుకున్నట్టే లెక్క. "జపాన్‌లో ఏ లైట్లతో ఓడెక్కిందో అవే ఉన్నాయన్నాను. ఒక్కటి మార్చినట్టు తేలినా నాకు రూపాయి ఇవ్వక్కర్లేదు, కారు ఊరికే పట్టుకుపొమ్మన్నాను."

టిఫిను తింటున్న రుక్మల్ తలెత్తాడు. "అంత మాటెందుకు నాన్నా?"

"ఉన్నమాటకి చిన్నదేంటి, పెద్దదేంటిరా?"

నేను వాకిట్లోకి పరిగెత్తాను. తెల్ల కారు, పంతొమ్మిదేళ్లది, మామయ్య తుడిచి తుడిచి పెంచుకున్నది. అంతా మెరుస్తోంది, ముందు లైట్లు తప్ప. ఎండకీ సముద్రపు గాలికీ రెండూ పసుపెక్కి, ఉల్లిపొర కప్పినట్టున్నాయి.

"నేను తోముతాను! మా కాలేజీ హాస్టల్ వార్డెన్ కారుకి చేస్తుంటే చూశాను" అన్నాను.

"వద్దు. ఆ పసుపు ఉంటేనే ఒరిజినల్ అని నమ్ముతారు" అన్నాడు రుక్మల్ చెయ్యి కడుక్కుంటూ.

"మార్చడం వేరు, తోమడం వేరు. పిల్ల సరదా పడుతోంది, తోమనీరా" అన్నారు మామయ్య.

రుక్మల్ ఆఫీసుకి బయల్దేరుతూ నా చెవి దగ్గర, "టూత్‌పేస్టు రాసి తుడిచెయ్, చాలు. ఆ గరుకు వాటర్ పేపరు జోలికి పోకు, వేళ్లు పాడవుతాయి" అన్నాడు. నా వేళ్ల మీద అతనికున్న ప్రేమకి మురిసిపోయాను.

టూత్‌పేస్టు రాశాను. "పళ్లకి లేకుండా కారుకి తోముతున్నావు. రేపు మేం బొగ్గుతో తోముకోవాలా?" అని అత్తయ్య కిటికీలోంచి అరిచింది. పొర కొంచెం పలచబడింది, అంతే. మామయ్య రేపటికోసం కారు కాగితాల పని చూసుకుని, క్షవరం చేయించుకొస్తానని వెళ్లారు. నేను రోడ్డు మలుపులో హార్డ్‌వేర్ షాపుకెళ్లి వాటర్ పేపరు మూడు రకాలు, పాలిష్ డబ్బా, పైన పూసే క్లియర్ పూత, కారు రంగు గీరుకుపోకుండా చుట్టూ అంటించే టేపు కొన్నాను. వేళ్ల సంగతి వేళ్లు చూసుకుంటాయనుకున్నాను.

ముందు కుడిది. సబ్బునీళ్లు పోస్తూ వెయ్యి నెంబరు పేపరుతో అడ్డంగా రుద్దుతుంటే పసుపు పాలలా కారింది. ఆరగానే లైటు మొత్తం తెల్లగా, గుడ్డిగా అయిపోయింది, పాడుచేశానేమో అనుకున్నాను. రెండు వేలది, తర్వాత మూడు వేలది, నీళ్లు ఆపకుండా. చివరికి గుడ్డకి పాలిష్ పట్టించి రుద్దితే, ఆ తెలుపులోంచి లోపలి బల్బు, దాని చుట్టూ వెండిగిన్నె, ఒక్కొక్కటే పైకి తేలాయి. ఎవరూ చూడటం లేదని లైటుకి ముద్దు పెట్టాను. సబ్బు రుచి.

ఎడమది ఇంకా మొండిది. పొర మందంగా ఉంది, ఎక్కువ నీళ్లు తాగింది. అదీ తేలాక రెండింటి ముందూ గొంతుక్కూర్చుని ఆనందంగా చూసుకున్నాను. కుడి లైటు కింది మూల, లోపలివైపు, చిన్న అక్షరాలు అచ్చుపోసి ఉన్నాయి. చివర జపాన్ అని ఉంది. ఎడమదాని మూలలోనూ ఉన్నాయి. అక్కడ తైవాన్ అని ఉంది.

నాకు వెంటనే ఏమీ తట్టలేదు. తట్టినా, మామయ్యకి తెలియకుండా ఏ షాపువాడో మోసం చేసి ఉంటాడనుకున్నాను. రెండున్నరకి రుక్మల్ రాగానే చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

"చూడు, ఎలా ఉన్నాయో! కానీ ఇక్కడొక విచిత్రం..."

అతను లైట్ల మెరుపు చూడలేదు. తిన్నగా ఆ మూలకే వంగాడు.

"పేపరుతో రుద్దొద్దన్నానా లేదా?"

"నీకు ముందే తెలుసా?"

వీధి వైపు చూసి, గొంతు తగ్గించాడు. "నాన్న హెర్నియా ఆపరేషన్‌కి ఆస్పత్రిలో ఉన్నప్పుడు. ఐదేళ్లయింది. ఫ్రెండ్సుతో బీచికి తీసుకెళ్లాను. కల్వర్టు గోడకి తగిలింది. లైటు పగిలింది, బంపరు నలిగింది. ఒకడు రంగేసి పెట్టాడు, కొలంబోలో డూప్లికేటు లైటు దొరికింది. నాన్న మంచం దిగేసరికి అంతా సర్దేశాం. డూప్లికేటు కదా, రెండేళ్లకే పసుపెక్కి రెండోదానితో కలిసిపోయింది."

ఐదేళ్లయింది. నా వేళ్లలో పేపరు ముక్క నానిపోతోంది.

"మరి అప్పట్లో నీ నుదుటి మీద ఆ కుట్లు?"

అతను నుదుటి మీదికి జుట్టు లాక్కున్నాడు.

"క్రికెట్ బంతి అన్నావు. నీకు రోజూ బొండాం పట్టుకొచ్చేదాన్ని. ఆ పదిరోజుల్లోనే కదా మనం..."

"ఇప్పుడదంతా ఎందుకు తిసరీ? కల్వర్టయితే ప్రేమించేదానివి కాదా?"

అలా అని నవ్వాడు. నన్నెప్పుడూ పడగొట్టే నవ్వే. ఈసారి అదే నన్ను ఎక్కువ మండించింది.

"మామయ్యతో చెప్పేద్దాం" అన్నాను.

"చెప్పు. ఆయన సంగతి తెలుసుగా. అన్నమాట ప్రకారం కారు ఊరికే ఇచ్చేస్తాడు. ఇచ్చేసి, ఇంటికొచ్చి అన్నం తినడు. గదుల్లేవు, కారూ లేదు. నువ్వూ నేనూ బీరువా వెనక. చెప్పు మరి, వెళ్లు."

నేను కదల్లేదు. రాయడానికి సిగ్గుగా ఉంది, ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది మామయ్య కాదు, నీలం కప్పులు.

రుక్మల్ వెయ్యి నెంబరు పేపరు తీసుకున్నాడు. నీళ్లు పొయ్యలేదు. ఆ మూల మీద పొడిగా, గుండ్రంగా రుద్దాడు. ఆ చప్పుడుకి నా పళ్లు జివ్వుమన్నాయి. పొద్దుటినుంచీ నేను తేల్చినదాన్లో అరచెయ్యంత మేర మళ్లీ తెల్లబడి, అక్షరాలు మునిగిపోయాయి. ఊది, బొటనవేలితో తుడిచి, "ఇప్పుడు సరిపోయింది" అన్నాడు. కల్వర్టు తర్వాత కూడా ఇలాగే అని ఉంటాడు.

క్లియర్ పూత డబ్బా మూత ఇంకా తియ్యనేలేదు. ఐదింటికి మామయ్య వచ్చారు, మెడ మీద పౌడరుతో. కారు చూసి ఆగిపోయారు. కుడి లైటు ముందు వంగి జుట్టు సరిచేసుకున్నారు.

"ఏమే, వచ్చి చూడు! దింపిన రోజు కూడా ఇలా లేవు!" అని అత్తయ్యని కేకేశారు. ఎడమవైపుకి వచ్చి, "ఈ మూల మిగిలిపోయిందే?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే రుక్మల్ అందుకున్నాడు. "తిసరికి కొత్త కదా నాన్నా. చెయ్యి నొప్పెట్టి ఆ మూల వదిలేసింది. పర్లేదులే, కనపడదు."

మాట అంత మెత్తగా వచ్చింది. నా భుజం మీద చెయ్యి కూడా వేశాడు.

"వదిలేస్తే వదిలేసింది, ఒక్కతే ఎంతని చేస్తుంది!" అన్నారు మామయ్య. నా ఎర్రబడ్డ వేళ్లు చూసి నాలుక చప్పరించారు. "పోస్టాఫీసులో ఇత్తడి తూకపురాళ్లు ముప్పయ్యేళ్లు నేనే తోమాను. ఇదెంత! రేపు ఐదింటికే లేచి ఈ మూల నేను తేలుస్తాను. వితారణ గారు దిగగానే ముందు ఇక్కడికే తీసుకొస్తాను. మా కోడలి చేతి పని అని చెప్పాలి కదా."

"నాన్నా, ఎందుకు మీకు శ్రమ..."

"నువ్వు పడుకోరా. ఆదివారం నువ్వెప్పుడు లేచావు గనక?" మామయ్య పేపరు ముక్క చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నన్నడిగారు. "నీళ్లు బాగా పొయ్యాలా అమ్మాయ్?"

నా భుజం మీది చెయ్యి బిగిసింది.

"ఆపకుండా పొయ్యాలి మామయ్యా" అన్నాను. "ఐదింటికి నేనూ లేస్తాను. మీరు రుద్దండి, నీళ్లు నేను పోస్తాను."