రెండింటిలోనూ అదే లోపం

వీరేందర్ పచ్చ పెడల్ మీది టోన్ నాబ్‌ను మళ్లీ చివరిదాకా తిప్పి, గిటారు మీద అదే ముక్క ఇంకోసారి వాయించాడు. మోత పదునెక్కాల్సింది, మార్పేమీ లేదు. నాబ్ సగంలో ఉన్నప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది, ఎవరో దుప్పటి ముసుగేసుకుని లోపలి నుంచి పాడుతున్నట్టు. వైరు పీకి పసుపు పెడల్‌కు పెట్టాడు. దానిదీ అదే వరస. సగం దాకా తిప్పితే మోత కొంచెం తేటపడుతుంది. ఆ పైన ఎంత తిప్పినా వట్టిదే.

“డూప్లికేట్ మాల్,” అన్నాడు తనలో తనే.

భార్య సుమలత తెల్లవారకముందే ఎయిర్‌పోర్టు దారిలోని హోటల్లో గదులు సర్దే పనికి వెళ్లిపోయింది. కూతురు మనీషా పక్క గదిలో పడుకుని ఉంది. ఆ పిల్ల నిద్ర చెడగొట్టకూడదని అతను హెడ్‌ఫోన్ తగిలించుకుని వంటింటి గడప దగ్గర కూర్చున్నాడు. పొట్టి మనిషి. ఏళ్ల తరబడి గిటారు పట్టీ మోసి ఎడమ భుజం కాస్త కిందికి జారింది. ఎడమచేతి వేళ్ల కొసలు తీగలకు కాయలు కాశాయి. కుడి అరచెయ్యి లారీల రేకులు చరిచి చరిచి చెప్పు తోలులా బిరుసెక్కింది.

పెడళ్లు రెండూ అరచేతిలో ఇమిడే ఇనుప డబ్బాలు. కాలితో నొక్కితే ఎర్ర లైటు వెలిగి గిటారు నాదానికి గరుకు పుడుతుంది, పై స్థాయిలో పాడేవాడి గొంతు జీరపోయినట్టు. ఓవర్‌డ్రైవ్ అంటారు. ఆర్కెస్ట్రా నడిపే శివశంకర్ దుకాణం నుంచి రెండూ తెచ్చి అతని చేతిలో పెట్టాడు. ఇవాళ సాయంత్రం శంషాబాద్‌లో రిసెప్షన్ ప్రోగ్రాం. ఆలోగా ఒకటి ఎంచుకోవాలి, రెండోది దుకాణానికి తిరిగిపోతుంది.

“వీరన్నా, నువ్వు నా తమ్మునసొంటోడివి, అందుకే మొఖం మీద చెప్తున్న,” అన్నాడు శివశంకర్ ఇచ్చేటప్పుడు. “నీ గిటార్ చెవులల్ల సూదులు గుచ్చినట్టొస్తుంది. పోయిన పెండ్లిల పెండ్లిపిల్ల మేనత్త చెవులల్ల పత్తి పెట్టుకొని అన్నం తిన్నది. గీసారి గూడ గట్లనే అయితే ఇగ కొత్తూరుల గిటార్ వాయించే అరుణ్‌కుమార్‌ను పిలుచుకుంట. ఏమనుకోకు.”

ఏమనుకోకుండా ఎట్లా ఉంటాడు? పెళ్లికి ముందు నుంచీ ఆ బృందంలో ఉన్నాడు. పగలు పనిచేసే గోడౌన్‌లో అతనొక పసుపు జాకెట్టు. డ్రైవర్లు పేరు అడగరు, “ఓ బయ్యా” అంటారు. స్టేజీ ఎక్కితేనే మైకులో “గిటార్ మీద వీరేందర్” అని వినబడుతుంది. ఆ ఒక్క మాట కోసం అన్నం లేకపోయినా ఉండగలడు.

అతను పసుపు పెడల్ టోన్‌ను చివరిదాకా తిప్పి అక్కడే వదిలేశాడు. అలా ఉంటేనే నయమనిపించింది.

గోడౌన్ ఇంటి వెనకే, మధ్యలో ఒక ప్రహరీ గోడ. విమానాల్లో వెళ్లే సరుకు అక్కడ దిగుతుంది, ఎక్కుతుంది. నాగ్‌పూర్ నుంచి, చెన్నై నుంచి వచ్చే కంటైనర్ లారీలు వెనక్కి నడుస్తూ ప్లాట్‌ఫారానికి ఆనాలి. డ్రైవర్‌కు అద్దంలో తన బండి వెనకభాగం కనబడదు. వెనక నిలబడి దారి చూపేది వీరేందర్. రేకు మీద రెండు దెబ్బలంటే రా, ఒక్క దెబ్బంటే ఆగు. అంతకుముందు తుక్కుగూడ అవతల కంకర క్రషర్‌లో పనిచేశాడు. రాళ్లు పిండవుతుంటే పక్కవాడి నోరు కదలడం తప్ప మాట వినిపించేది కాదు. సాయంత్రానికి చెవుల్లో ఈల మోగేది. తెల్లారేసరికి పోయేది. పోయిందనే అనుకునేవాడు.

ఆ పొద్దున షిఫ్టుకెళ్లి ఒక లారీకి దారి చూపి, చెయ్యి తుడుచుకుంటూ వెనుదిరిగాడో లేదో ఎవరో జాకెట్టు పట్టి పక్కకు లాగారు. ఇద్దరూ గోడకు గుద్దుకున్నారు. అతను నిలబడిన చోటు మీదుగా ఇంకో లారీ వెనకచక్రాలు మెల్లగా దొర్లుకుంటూ పోయాయి. లాగినవాడు ఫోర్క్‌లిఫ్ట్ నడిపే బాలమల్లు.

“సోయి యాడుంది వీరన్నా? ఎవలికోసం సూస్తున్నవ్?”

వీరేందర్ కోపం లారీవాడి మీదికి పోయింది. “సాలాగాడు! వెనకకు తోలేటోడు పీపీమనే బజర్ పెట్టుకోడా? ఈ నడుమ ఒక్క బండికి గూడ బజర్ ఉంటలేదు.”

బాలమల్లు ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. “అన్నా, నువ్వు సావంగ గూడ జోకులేస్తవ్ పో.”

అందులో నవ్వేదేముందో వీరేందర్‌కు అర్థం కాలేదు.

సద్ది తినేటప్పుడు బాలమల్లుకు పెడళ్ల సంగతి చెప్పాడు. రెండు డబ్బాలు, రెండు రంగులు, రెండింటిలోనూ అదే లోపం. నాబ్ సగం దాటితే పనిచేయదు.

“రెండూ ఖరాబేనా? గట్లెట్లుంటది?”

“గదే నా పరేషాన్. శివన్న మోసపోయిండు.”

“మా ఇంట్ల గూడ గంతే. మా అమ్మకు నా పెండ్లాం మంచిగలేదు, నా పెండ్లాంకు మా అమ్మ మంచిగలేదు. ఎవలిదో ఒకలిది తప్పని ఇన్నేండ్లు పంచాయతి చేసిన,” అని బాలమల్లు సద్ది డబ్బా మూత పెట్టాడు. “ఆఖరికి తేలింది ఏందంటే, తప్పు నాదే.”

వీరేందర్ నవ్వి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

మధ్యాహ్నం షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి మనీషా కాలేజీ నుంచి వచ్చి ఉంది. అతను స్టేజీ చొక్కా తొడుక్కున్నాడు. నీలం రంగుది, కాలరు చుట్టూ జరీ. వ్యాను రాకముందే ఒక్కసారి చూసుకుందామని స్పీకర్‌కు పసుపు పెడల్ కలిపి వాయించాడు. మనీషా పుస్తకం కింద పడేసి రెండు చెవులూ మూసుకుంది.

“బాపూ! పండ్లు జివ్వుమంటున్నయ్. తగ్గించు!”

“ఏది తగ్గించాలె? నాబే పనిచేస్తలేదు.”

ఆమె వచ్చి పక్కన కూర్చుని నాబ్ తిప్పింది. కిందికి, పైకి, మళ్లీ కిందికి. “మంచిగనే పనిచేస్తుంది గద. గిదిగో, ఇప్పుడు కీచుగ. ఇప్పుడు మెత్తగ.”

“మజాక్ చేయకు.”

“నువ్వు చేస్తున్నవ్ మజాక్. ఇటు తిరిగి గోడ దిక్కు చూడు. నేను తిప్పుత, ఎప్పుడు మారిందో చెప్పు.”

అతను గోడకు తిరిగి కూర్చుని తీగ మీటుతూ పోయాడు. గోడకు కొట్టిన సున్నం పెచ్చులు చూస్తూ విన్నాడు. “ఇంక తిప్పవా?” అన్నాడు చాలాసేపటికి. వెనక్కి చూస్తే ఆమె చేయి నాబ్ మీదే ఉంది. చివరి నుంచి సగానికి, సగం నుంచి చివరికి తిప్పుతూనే ఉంది. ముఖంలో నవ్వు లేదు.

“బాపూ, పనికాడ బండ్ల సప్పుడు ఇనవడ్తుందా నీకు?”

“ఇంజన్ సప్పుడు ఎందుకు ఇనవడదు? బజర్‌లే ఉంటలేవు ఈ నడుమ.”

మనీషా లేచి, అతని చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. ప్రహరీ అవతల ఒక కంటైనర్ లారీ వెనక్కి వస్తోంది. దాని వెనక లైట్లు ఆగి ఆగి వెలుగుతున్నాయి. ఇంజన్ గుర్రుమంటోంది. అంతే.

“మోగుతుందా?” అని అడిగాడు.

“మోగుతుంది.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. నేను పొద్దుగాల లేచేదే ఆ కీచు సప్పుడుకు.”

అతను కిటికీ ఊచ పట్టుకుని ఆ లైట్లవైపే చూస్తూ ఉండిపోయాడు. పొద్దున బాలమల్లు ఎందుకు నవ్వాడో తెలిసింది. పెండ్లిపిల్ల మేనత్త పత్తి ఎందుకు పెట్టుకుందో తెలిసింది. లారీ ఆగింది, లైట్లు ఆరిపోయాయి.

“పాపం, దుకాణపాయన మీద ఊకెనే అనుమానపడ్డ,” అన్నాడు.

“రేపు దవాఖానకు పోదాం. నేను కాలేజీ ఎగ్గొడత.”

“పోదాం. అమ్మకు ఇప్పుడే చెప్పకు. ముందుగాల ఇది తేల్చు, ఈ రెండిట్ల ఏది?”

మనీషా రెండింటినీ మార్చి మార్చి వాయించమంది. కళ్లు మూసుకుని, పెదవి కొరుకుతూ విన్నది. ఆమె చెవికి పసుపుది లావు తీగల మీద బాగుంది గాని సన్న తీగల దగ్గర గోరుతో రేకు గీకినట్టుంది. పచ్చది గుండ్రంగా, బెల్లం పాకంలా ఉంది. టోన్‌ను సగానికి కొంచెం కిందనే ఆపింది.

“ఇది. దీన్ని ముట్టకు ఇగ.”

“నాకు దుప్పట్ల పాడినట్టుంది బిడ్డా.”

“నాకు మంచిగుంది. అందరికి మంచిగుంటది.”

అతను తలూపాడు. ఇవాళ తనకు వినిపించని మోతను ఊరందరి కోసం వాయించాలి. వ్యాను వచ్చింది. గిటారు, స్పీకర్, పచ్చ పెడల్ అందులోకి ఎక్కాయి. టోన్ కదలకుండా ఉండేటట్టు నాబ్ మీద ప్లాస్టర్ అంటించింది మనీషా.

అతనూ ఎక్కబోతుండగా ఫోన్ జేబులో అదిరింది. గోడౌన్ సూపర్వైజర్. సాయంత్రం షిఫ్టువాడు రాలేదు, విమానానికి వెళ్లాల్సిన సరుకు లారీ వాకిట్లో ఉంది, వచ్చి ప్లాట్‌ఫారానికి పెట్టించి పో.

“పోకు బాపూ. రానని చెప్పు.”

“ఎందుకని అడిగితే ఏం చెప్పాలె? చెవులు ఇనవడ్తలేవని చెప్పాలెనా? రేపటిసంది గేటు బయట నిలబెడతరు.” జరీ కాలరు మీదుగా పసుపు జాకెట్టు తొడుక్కున్నాడు. “ఒక్కటే బండి. అరగంట. మీరు నడువుండ్రి, నేను మోటర్‌సైకిలేసుకొని వెనకనే వస్త,” అన్నాడు వ్యాను డ్రైవర్‌తో.

“వెనకకు చూసుకుంట ఉండు,” అంది మనీషా.

“నా పనే గది గదనే పిచ్చిదానా,” అన్నాడు.

గోడౌన్ వాకిట్లో పొద్దు వాలుతోంది. అతను నిజంగానే వెనక్కి చూసుకుంటూ పనిచేశాడు. రెండు దెబ్బలు, తల తిప్పి ఒక చూపు. రెండు దెబ్బలు, ఇంకో చూపు. లారీ మెల్లగా ప్లాట్‌ఫారం అంచుకు వచ్చింది. ఆఖరి జానెడు కొలిచేటప్పుడు మాత్రం కళ్లు ఆ సందు మీద నుంచి తీయడానికి ఉండదు. అతను వంగి సందులోకి చూస్తూ చెయ్యి ఎత్తాడు. ఒక్క దెబ్బ వేశాడు. లారీ ఆగింది. వాకిలి అంతా ఎంతో నెమ్మదిగా ఉన్నట్టనిపించింది. పక్కనున్న తన నీడ మీదికి ఇంకో లారీ నీడ వచ్చి కలిసింది. తల తిప్పాడు.

ఫంక్షన్‌హాల్లో కుర్చీలకు తెల్ల గుడ్డలు తొడుగుతున్నారు. శివశంకర్ గిటారును స్పీకర్ ముందు స్టాండు మీద పెట్టి, పెడల్ నొక్కి, తీగల మీద ఒక్కసారి వేళ్లు ఆడించాడు. హాలు వెనకదాకా మోత మెత్తగా పరుచుకుంది. భోజనాల దగ్గర బల్లలు సర్దేవాళ్లు కూడా తలలెత్తి చూశారు.

“చూసినవా, వీరన్నంటే గిట్ల ఉంటది. ఇగ అరుణ్‌కుమార్ అవసరమేం లేదు,” అన్నాడు డోలక్ వాయించే ఆయనతో. అప్పుడే ఫోన్ మోగింది. బాలమల్లు పేరు చూసి ఎత్తాడు. “ఆఁ, ఏడున్నడు మావోడు?” అన్నాడు. ఫోన్ చెవికి పెట్టుకునే మెట్లు దిగాడు, డోలక్ ఆయన వెనకే పరిగెత్తాడు, వ్యాను గేటు దాటిపోయింది.

స్టేజీ మీద ఎవరూ లేరు. పచ్చ పెడల్ ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది, ఎవరూ ముట్టని గిటారు తీగలు స్పీకర్ హోరుకు వాటంతటవే సన్నగా అదురుతున్నాయి.