పరదా కింది గంపలు

పొద్దుటి నుంచి సింధుజకు కాలు ఒక్కచోట నిలవడం లేదు. రెవెన్యూ ఆఫీసు నుంచి గిర్దావర్ సారు జాగ చూడడానికి వచ్చే రోజది. రాయపోల్ శివారులో, వాళ్ల ఇంటిని ఆనుకుని ఆమె తాత ఈత చెట్లు పెంచిన ఎకరన్నర, రికార్డుల్లో సర్కారు బీడుగా పడింది. తరతరాలుగా అది ఈ ఎరుకల ఇంటివాళ్ల చేతిలోనే ఉందని సారు రాస్తేనే పట్టా వస్తుంది. లేదంటే అక్కడ గోదాం లేస్తుంది.

దరఖాస్తు రాసింది సింధుజే. సిద్దిపేటలో డిగ్రీ చదువుతున్న పిల్ల కదా, సారు ముందు ఇల్లు పరువుగా కనబడాలనుకుంది. ఈత బరిగెలు, సగం అల్లిన గంపలు, చివరికి బరిగెలు చీల్చే కత్తి కూడా ఇంటి వెనక ప్లాస్టిక్ పరదా కిందికి తోసేసింది. నోరు జారుతుందని నాయనమ్మ బాలవ్వను పక్కింటికి పంపింది. హాస్టల్లో అడిగినవాళ్లకు "మాది వ్యవసాయం" అని చెప్పుకునే పిల్లకు ఇంతకంటే ఏం తోస్తుంది!

సారు వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చుట్టూ చూశాడు.

"ఈడ పంటేదమ్మా?"

"ఈత చెట్లే సార్ మా పంట. బరిగెలు కోసి గంపలల్లుతం." దరఖాస్తులో రాసిన మాటే చెప్పక తప్పలేదు సింధుజకు.

"అల్లేటోళ్ల ఇంట్ల ఒక్క పుల్ల గూడ లేదేంది మరి?" అంటూ సారు కలం తీశాడు.

సింధుజకు అప్పుడర్థమైంది. తన అతితెలివి తన ఇంటికే ఎసరు పెట్టింది. పరుగున పోయి పరదా లాగి, చేతికందినన్ని బరిగెలు, కత్తి తెచ్చి వాకిట్లో పోసింది.

"గివి కొనుక్కొచ్చి గూడ పెట్టొచ్చు" అన్నాడు సారు.

సింధుజ మట్టిలోనే చతికిలబడింది. బరిగె ముట్టి ఆరేళ్లయింది. చీలుస్తుంటే బొటనవేలు తెగింది. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, అదీ తన మీదే. అయినా చేతులు ఆపలేదు. గంప అడుగు వంకరటింకరగా తేలింది.

గోడ అవతల నుంచి చూస్తున్న బాలవ్వ ఇక ఉండబట్టలేకపోయింది. చరచరా వచ్చి, సారు ఉన్నాడన్న సోయి కూడా లేకుండా మనవరాలి నెత్తిన మొట్టింది.

"గిదేం అడుగే? వేలు దూరుతుంది. మీ తాతుంటే తోటల అడుగుపెట్టనిచ్చునా? విప్పు!"

సింధుజ విప్పి మళ్లీ మొదలుపెట్టింది. సారు నవ్వు ఆపుకుంటూ తోటలోకి నడిచాడు. చెట్టు చెట్టుకీ బరిగెలు కోసిన గుర్తులు, పాతవాటి పైన కొత్తవి, ఏటేటివీ ఉన్నాయి. ఒక్కొక్కటీ తడిమి చూసి తిరిగొచ్చాడు.

"తోట మీ చేతులనే ఉన్నదని రాస్తున్న. ఎవరి పేరు పెట్టాలె?"

"బాలవ్వ" అంది సింధుజ. అంతలోనే తలెత్తి, నాలుగిళ్ల అవతలికి వినబడేంత గట్టిగా అంది.

"ఎరుకల బాలవ్వ అని రాయండ్రి సార్. నేను ఆమె మనవరాల్ని."