అందుబాటులో ఉండవలసిన మనిషి

తను ఇంట్లో లేనప్పుడు ఎవరో వచ్చి తలుపు తట్టి వెళ్ళిపోతారేమోనన్నదే ట్రీనాకు అన్నిటికంటే పెద్ద భయం. పాపకు జ్వరం వస్తుందేమో, ఇంటాయన అద్దె పెంచుతాడేమో అన్న భయాలన్నీ దీని తరవాతే. స్నానం చేస్తున్నా నీళ్ళు సన్నగా తిప్పుకుని, చెవి వీధి వైపు పెట్టుకునేది. పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ముందు తలుపు బార్లా తీసి ఉంచేది.

ఈ భయం బావగారి కంపెనీతో వచ్చింది. భర్త క్లింట్‌కి అన్న రస్. అతనికి నది అవతల, ఇండియానాలో, ఇళ్ళకి పైకప్పులు వేసే కంపెనీ ఉంది. నిరుడు వడగళ్ళు పడి నదికి ఇవతల, కెంటకీలో, వీధులకు వీధులే కప్పులు పాడయ్యాయి. పనంతా ఇక్కడే ఉంది. పొరుగు రాష్ట్రపు కంపెనీ ఇక్కడ పని పట్టాలంటే ఇక్కడ కూడా రిజిస్టరు కావాలి. అందుకు ఇక్కడ కాపురముండే ఒక మనిషి పేరూ, చిరునామా ఇవ్వాలి. కంపెనీ మీద ఎవరైనా కేసు వేస్తే కోర్టు కాగితాలు అందుకోవడానికి ఆ మనిషి పగలంతా అందుబాటులో ఉండాలి. డబ్బు తీసుకుని ఆ పని చేసిపెట్టే ఆఫీసులు లేకపోలేదు. "వాళ్ళకెందుకు తగలెయ్యడం? ట్రీనా ఎలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటుందిగా" అన్నాడు రస్. అప్పుడామె పాపను చంకన వేసుకుని, రెండో చేత్తో అన్నదమ్ములకి వేయించిన చేప వడ్డిస్తోంది.

పాప పాలు తాగుతుండగానే సంతకం పెట్టించారు. ఏముందోనని ఆమె చదవబోతే, "అబ్బో, లాయరుగారు పరిశీలిస్తున్నారు, అందరూ నిశ్శబ్దం!" అన్నాడు క్లింట్. అత్తగారు వర్నా కాఫీ పొలమారేదాకా నవ్వింది. కడుపొచ్చిందని పదో తరగతిలో బడి మానేసిన పిల్ల ఇంకేమంటుంది, తనూ నవ్వేసింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకు ఒళ్ళు మండుతుంది, వాళ్ళ మీద కాదు, తన మీదే.

అప్పట్లో ఆమె లైబ్రరీలో పొద్దుటి క్లాసులకి వెళ్ళేది, ఆగిపోయిన చదువు ఎలాగైనా పూర్తి చెయ్యాలని. "నువ్వక్కడ లెక్కలు చేసుకుంటూ కూర్చో, ఇక్కడ వాడెవడో వచ్చి పోతాడు. కేసు పడిందని తెలిసేలోపే ఓడిపోతాం. అప్పుడు నీ మొగుణ్ణి నువ్వే మేపాలి" అన్నాడు రస్. మానేసింది. పాపకు టీకాలు వేయించడానికి కూడా అత్తగారే తీసుకెళ్ళి, "తల్లి లేని పిల్లలా నన్ను కరుచుకుని ఏడ్చింది పాపం" అని దెప్పుతూ తిరిగొచ్చింది. తల్లి ఎక్కడికి పోయింది? ఇంట్లో, సోఫా అంచున, తలుపుకేసి చూస్తూ ఉంది. జీతం లేదు, సెలవు లేదు. నువ్వేం చేస్తుంటావని ఎవరైనా అడిగితే, చెప్పుకోవడానికి పేరైనా లేదు.

ఎండాకాలం మధ్యలో వెండెల్ కప్పు మీంచి పడిపోయాడు. క్లింట్‌తో పాటు రస్ దగ్గర కప్పులు వేసే మనిషి. ఒకసారి వానొచ్చి పనాగిపోతే క్లింట్ అతన్ని భోజనానికి తీసుకొచ్చాడు. చిక్కుడుగింజల సూపు, మొక్కజొన్న రొట్టె తిని, లేచి తన గిన్నె తనే కడిగి బోర్లించాడు. క్లింట్ పగలబడి నవ్వాడు. "మా ఆవిడ కూడా ఇలాగే నవ్వుతుంది, సరిగ్గా కడగనని" అన్నాడు వెండెల్. నడుముకు తాడు కట్టకుండా ఎక్కించారతన్ని. తాళ్ళు నది అవతల పనిలో ఉన్నాయట. వెన్ను విరిగింది. ఇక లేవడన్నారు డాక్టర్లు.

ఒక సోమవారం పొద్దున రస్, క్లింట్ కలిసే వచ్చారు.

"ఈ వారం ఎవరొచ్చినా తలుపు తియ్యకు" అన్నాడు రస్.

"అదేంటి? తియ్యడానికేగా నన్ను కూర్చోబెట్టింది?"

"వెండెల్ పెళ్ళాం కేసేసింది. కాగితాలు అందకపోతే కొన్నాళ్ళు అది ముందుకు కదలదు. ఈలోగా ట్రక్కులు, సామాన్లు అమ్మ పేరుకి మార్చేస్తాను. తరవాత గెలిచినా ఏం పీక్కుంటుందో పీక్కోనీ."

"మరి వెండెల్?"

"వెండెల్ నీకేమవుతాడే?" అన్నాడు క్లింట్. "నీకు చెప్పింది చెయ్యి. కర్టెన్లు వేసుకో. టీవీ పెట్టకు. పిల్ల గొంతు బయటికి రానివ్వకు."

వాళ్ళు వెళ్ళాక ఆమె కర్టెన్లు వేసింది. ఇన్నాళ్ళూ కదలకుండా ఇంట్లో ఉండమన్నారు, ఉంది. ఇప్పుడు ఇంట్లోనే ఉండి లేనట్టుండమంటున్నారు. ఆలోచిస్తే ఆ రెండోది కూడా తను ఎప్పటినుంచో చేస్తున్నదే అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం తలుపు చప్పుడయింది. "అమ్మా, ఎవరైనా ఉన్నారా? షెరిఫ్ ఆఫీసు నుంచి, కోర్టు కాగితాలు తెచ్చాను" అని మగగొంతు. పాప ఊ అనబోయింది. ట్రీనా చెయ్యి దానంతటదే వెళ్ళి పాప నోరు మూసింది. గట్టిగానే మూసింది. పాప ఏడవలేదు. ఆ చేతి పైనుంచి పెద్ద కళ్ళతో తల్లిని చూస్తూ, కదలకుండా ఉండిపోయింది. ఇంత త్వరగా నేర్చేసుకుందా ఇది?

చెయ్యి తీసేసింది. పాపను ఎత్తుకుని వెళ్ళి తలుపు తీసింది.

"ఈ కంపెనీ తరఫున కాగితాలు తీసుకునేది మీరేనా అమ్మా?"

"నేనే" అంది. తీసుకుంది. అతను వెళ్ళగానే, ఇక దేన్నీ దాచదలచుకోక, క్లింట్‌కి ఫోన్ చేసింది.

"వచ్చాడు. తీసుకున్నాను."

అవతల సుత్తుల చప్పుడు వినిపిస్తోంది.

"ఎక్కడికీ పోకు. వస్తున్నా" అన్నాడు క్లింట్.

కారు అతని దగ్గరే ఉంది. పుట్టింటివాళ్ళెవరూ దగ్గరలో లేరు. ఆమె పాప బట్టలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది. ఎంతవరకు సర్దగలిగిందో ఇది రాసే నాటికి నాకు తెలియదు. మీలో ఎవరికైనా నదికి ఇవతలికి వచ్చే పనుంటే, ఏదో ఒక వంకతో ఆ ఇంటికి వెళ్ళి ట్రీనాను చూసి రండి. భర్త గుమ్మంలో అడ్డంగా నిలబడి "బాగానే ఉంది" అంటే వెనుదిరగకండి. ఆమె వచ్చి తన నోటితో చెప్పేదాకా అక్కడే ఉండండి.