అంచు కోసిన పుస్తకం

ముప్పై ఏళ్ళుగా పుస్తకాలు కుడుతున్న ఆ బైండింగు మేస్త్రి లోకంలో దేన్నయినా సహిస్తాడు. ఆకలిని ఓర్చుకుంటాడు, పెళ్ళాం సాధింపునూ ఓర్చుకుంటాడు. కాగితాలు ఒకటి లోపలికీ ఒకటి బయటికీ ఉన్న పుస్తకం కంటబడితే మాత్రం ఆగలేడు, చేతులు దురద పెడతాయి. ఆ దురదే ఈసారి ఆయన కొంప ముంచబోయింది.

మేస్త్రికి ఒక్కతే కూతురు, పధ్నాలుగేళ్ళది. వీధి వీధంతా దాన్ని లెక్కలపిట్ట అంటారు. ఆరో తరగతి దాకా దానికి తండ్రే లెక్కలు చెప్పాడు. ఆ తర్వాత ఒకరోజు అది ఏదో అడిగింది, ఈయన బుర్ర గోక్కున్నాడు. మర్నాడు ఇంకేదో అడిగింది, ఈయన రెండు చేతులతో గోక్కున్నాడు. ఇక అడగడం మానేసింది. బళ్ళో లెక్కల మాస్టారు మంచివాడే, కానీ ఆయనా చేతులెత్తేశాడు. "వెనక బెంచీలో కూర్చుని నీ పని నువ్వు చేసుకోమ్మా, నా మానాన నన్ను పాఠం చెప్పుకోనీ" అన్నాడు. రెండేళ్ళుగా పిల్ల తన పని తాను చేసుకుంటోంది. ఆ పనంతా ఒకే పుస్తకంలో ఉంది.

ఆ పుస్తకానికి కాగితం తండ్రిదే. ప్రెస్సులో మిగిలిన ముక్కలు, ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ, ఊరికే పోతాయెందుకని ఏరి దారంతో కుట్టి ఇచ్చాడు. "బొటనవేలంత అంచు వదిలి రాయవే తల్లీ" అని వందసార్లు చెప్పాడు. పిల్ల వందసార్లూ తలూపింది. రాయడం మాత్రం కాగితం చివరిదాకా రాసింది, చోటు చాలకపోతే కాగితాన్ని అడ్డంగా తిప్పి మరీ రాసింది.

లెక్కల్లో దిట్టలైన పిల్లల కోసమే ఒక హైస్కూలుంది. ఏడాదికి పన్నెండు మందినే తీసుకుంటారు. అందులో చేరితే తిన్నగా మంచి కాలేజీకే దారి. పిల్ల రాతపరీక్ష గట్టెక్కింది, ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది. తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని రావాలనీ, పిల్ల సొంతంగా పని చేసుకునే పుస్తకం ఒకటి తేవాలనీ ఉత్తరంలో రాశారు.

ఇంటర్వ్యూకి ముందురోజు పిల్ల బడికి వెళ్ళింది. పుస్తకం బల్ల మీద ఉంది. మేస్త్రి దాన్ని చూశాడు. చిరిగిన అట్ట, నాలుకలు చాపినట్టు బయటికి వేలాడే కాగితాలు.

"ఛీ ఛీ! బైండింగు మేస్త్రి కూతురు పట్టుకెళ్ళే పుస్తకమా ఇది? నలుగురూ నా మొహాన ఉమ్మెయ్యరూ?" అనుకున్నాడు.

లెక్కల్లో సాయం చెయ్యలేనివాడు, చేతనైన సాయమే చేద్దామనుకున్నాడు పాపం. షాపుకి తీసుకెళ్ళి పాత కుట్టు విప్పాడు. కొత్త దారంతో కుట్టి, వీపుకి జిగురు పూసి ఆరబెట్టాడు. కటింగు మిషన్లో పెట్టి మూడు వైపులా సర్రున కోశాడు. అంచుల్లో ఉన్న చిన్న చిన్న అంకెలు కంటపడకపోలేదు. పెన్ను రాస్తోందో లేదో చూసుకోవడానికి గీకిన పిచ్చిగీతలనుకున్నాడు. ఎర్రగుడ్డ అట్ట వేసి, మీద బంగారు రంగులో కూతురి పేరు అచ్చొత్తాడు.

మధ్యాహ్నం పిల్ల రాగానే చేతిలో పెట్టి, మొహం చాటంత చేసుకుని నిలబడ్డాడు.

పిల్ల అట్ట చూసి నవ్వింది. ఒక పేజీ తిప్పింది, ఇంకోటి తిప్పింది. నవ్వు పోయింది.

"నాన్నా, ఇక్కడ రాసుకున్నవేవి?"

"ఎక్కడే?"

"అంచుల్లో. అసలు లెక్కంతా అక్కడే ఉంది నాన్నా. మధ్యలో రాసింది ఉత్త కూడికలు. ఎందుకలా వస్తోందో నాతో నేను వాదించుకున్నదంతా అంచుల్లోనే రాసుకున్నా."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఏ తండ్రయినా పుస్తకం మీద కాఫీ ఒలకబోస్తాడు, లేకపోతే బస్సులో మరిచిపోతాడు. ఇంత శుభ్రంగా, గీత గీసినంత తిన్నగా, బంగారు అక్షరాలతో పాడుచెయ్యడం ఈయనకే చెల్లింది!

అప్పుడే ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి తల్లి వచ్చింది. సంగతి విని నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"మా ఆసుపత్రిలో కూడా కోసేముందు ఒక మాట అడుగుతారండీ!"

"అను, ఎన్నయినా అను" అన్నాడు మేస్త్రి. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి ఆవిడ, "ఆ ముక్కలు వెతుకుదాం రండి" అంది.

ముగ్గురూ షాపుకి పరిగెత్తారు. తుక్కు గోనెలో ఆ పుస్తకం ముక్కలొక్కటే ఉంటేనా! ఆ రోజు కోసిన నలభై రిజిస్టర్ల ముక్కలూ అందులోనే ఉన్నాయి. కింద కుమ్మరించి సాయంత్రం దాకా ఏరారు. పిడికెడు దొరికాయి. ఏది ఏ పేజీదో పిల్లకే తెలియలేదు.

"పోనీలే నాన్నా, రేపు వాళ్ళడిగితే అది అలాగే ఉందని చెప్తా. నువ్వు కోశావని చెప్పను" అంది.

ఆ మాట కత్తికన్నా లోతుగా దిగింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఉదయం ఆ స్కూల్లో ఒక పొడుగాటి గదిలోకి ముగ్గురినీ పిలిచారు. నల్లబోర్డు ముందు నెరిసిన జుట్టు మేడం ఒకావిడ కూర్చుని ఉంది. పుస్తకం అందుకుని అట్ట నిమిరింది.

"బైండింగు చాలా బావుంది" అంది. నాలుగు పేజీలు తిప్పి కళ్ళజోడు సర్దుకుంది. "కానీ ఏ వరసా పూర్తిగా లేదేం? నీ పని ఇంతేనా అమ్మా?"

పిల్ల నోరు తెరిచింది. మేస్త్రి అంతకన్నా ముందే లేచి నిలబడ్డాడు.

"అది దాని తప్పు కాదు మేడం, నేనే కోశాను. అందంగా ఉంటుందని అంచులు కోసేశాను. దాని బుర్రంతా అక్కడుందని నాకు తెలీలేదు. రెండేళ్ళుగా ఇంట్లో దానికి జవాబు చెప్పేవాడు లేక, కాగితం అంచులతో మాట్లాడుకుంటోంది. నా మీద కోపంతో దాని సీటు మాత్రం పోగొట్టకండి."

పిల్ల తండ్రి వంకే చూస్తోంది. మేడం నవ్వలేదు, కోప్పడనూ లేదు. సుద్దముక్క తీసి పిల్ల చేతిలో పెట్టింది.

"ఏదీ, ఈ పేజీ అంచులో ఏముందో బోర్డు మీద రాయి."

పిల్ల రాయడం మొదలుపెట్టింది. మొదట నెమ్మదిగా, తర్వాత గబగబా. సగం బోర్డు నిండాక టక్కున ఆగిపోయింది. అయిపోయింది, మరిచిపోయింది, అంతా నా చేతులారా చేశాననుకున్నాడు మేస్త్రి.

"మేడం, ఇది తప్పండీ" అంది పిల్ల.

"ఏది తప్పు?"

"అంచులో నేను రాసుకున్నదే తప్పు. సరిసంఖ్యలకి కుదిరింది కదాని బేసివాటికీ కుదురుతుందనుకున్నా. కుదరదు. ఇన్నాళ్ళూ తప్పే నమ్మాను!"

ఆ మాట చెబుతుంటే దాని మొహం వెలిగిపోతోంది. తప్పు దొరికితే ఇంత సంబరపడే మనిషిని మేస్త్రి పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"పూర్తిగా తప్పేం కాదు" అంటూ మేడం లేచింది. తనూ ఒక సుద్దముక్క తీసుకుంది. "ఇక్కణ్ణించి చూడు."

"అలా ఎలా కుదురుతుందండీ? తొమ్మిది తీసుకోండి!"

"తీసుకున్నాను. నువ్వు కంగారుపడకు."

"కంగారు కాదండీ, మీరు ఒకటి వదిలేశారు!"

"అయ్యో, అవునే!"

మేస్త్రికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం అర్థమైంది. కూతురు అడుగుతోంది, ఎదుటివాళ్ళు బుర్ర గోక్కోవడం లేదు. మాటకి మాట వస్తోంది. అది గొంతెత్తి వాదించడం ఆయన ఇంతవరకూ వినలేదు. ఇంట్లో పిల్లి నడిచినట్టు నడిచే పిల్ల ఇదేనా అనిపించింది. సంతోషమూ, దిగులూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

గుమాస్తా తలుపు తీసి తొంగిచూశాడు. "మేడం, ఇరవై నిమిషాలు దాటింది. తర్వాతివాళ్ళు కాచుక్కూర్చున్నారు."

"పక్క గదిలోకి పంపించండి" అంది మేడం, వెనక్కి తిరక్కుండానే. ఒక వరస తుడిచి మళ్ళీ రాస్తూ, "చూడండి, మిమ్మల్నే. కొత్తగా చేరేవాళ్ళకి బడి ఎప్పుడు తెరుస్తారో ఆఫీసులో కనుక్కోండి. మీ అమ్మాయిని కాసేపాగి పంపిస్తాను" అంది.

మేస్త్రికి ఆ మాట బుర్రకెక్కడానికి కాస్త టైం పట్టింది. తల్లికి వెంటనే ఎక్కింది. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుని భర్త మోచెయ్యి పట్టుకుంది.

"పదండి, ఇక్కడ మనకి పనిలేదు" అంది.

మేస్త్రి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూశాడు. కూతురు చూడలేదు. చూడనందుకు ఆయనకి ఏమాత్రం బాధ కలగలేదు.